కోత రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి: చిన్న కూరగాయల తోటలో ఏడాదంతా కాపు

చిన్న కూరగాయల తోటలో ఎక్కువ నష్టం రెండు చోట్ల జరుగుతుంది. తీరిక దొరికిన రోజున అన్నీ ఒకేసారి విత్తేస్తే అన్నీ ఒకే వారంలో కాపుకొస్తాయి, కోసే చేతులు చాలవు. ఆ తర్వాత నెల రోజులు మడుల్లో కోయడానికి ఏమీ ఉండదు. ఇది మొదటిది. రెండోది, కాయ తయారైన రోజున ‘ఇంకొంచెం పెరగనిద్దాం’ అని వదిలేయడం. ఈ రెండూ సరిచేసుకుంటే ఉన్న నేలలోనే, వేసే ఎరువుతోనే తోట ఎక్కువ కాలం కాస్తుంది. పనుల వరస ఇలా పెట్టుకోండి.

ముందు కోత తేదీ, తర్వాత విత్తే తేదీ

ఒక నోటు పుస్తకంలో ఏ వారం ఏ కూరగాయ కోయాలనుకుంటున్నారో మొదట రాయండి. అక్కడి నుంచి ఆ పంటకు పట్టే రోజులు వెనక్కి లెక్కపెడితే విత్తాల్సిన తేదీ తేలుతుంది. నేరుగా విత్తే వాటిలో తోటకూర, మెంతికూర 25–30 రోజులకు కోతకొస్తాయి. పాలకూర మొదటి కోత 30–35 రోజులకు, ముల్లంగి 30–45 రోజులకు, కొత్తిమీర 35–45 రోజులకు వస్తుంది. బెండ, కీరదోస, పొట్టి బీన్స్ 45–55 రోజుల్లో కాపు మొదలుపెడతాయి. బీరకు 50–60, సొర, కాకరలకు 55–70, బీట్‌రూట్‌కు 60–70, క్యారెట్‌కు 80–100 రోజులు పడుతుంది.

నారు పోసే పంటలకు రెండు లెక్కలు కలపాలి. టమాటా నారు 25–30 రోజులు, వంగ నారు 30–35, మిర్చి నారు 40–45 రోజులు నారుమడిలో ఉంటుంది. నాటాక మొదటి కోతకు ఈ మూడింటికీ మరో 60–75 రోజులు. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారును 25–30 రోజులకు నాటితే, రకాన్ని బట్టి ఆ తర్వాత 60–90 రోజులకు గడ్డ, పువ్వు తయారవుతాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. నారు పోసే పంటల విత్తన ప్యాకెట్ మీద ఉండే రోజుల సంఖ్య సాధారణంగా నాటిన రోజు నుంచి వేసినది. విత్తిన రోజు నుంచి అనుకుంటే నెల తేడా వచ్చేస్తుంది.

చలికాలపు లెక్కకు 10–15 రోజులు అదనంగా కలపండి. బెండ విత్తనం 17 డిగ్రీల కన్నా చల్లని నేలలో సరిగా మొలవదు. మొలిచినా మొక్క గిడసబారి నిలబడుతుంది. ఆ సమయంలో ఆ మడిని ముల్లంగికో క్యారెట్‌కో ఇవ్వడం మేలు.

తర్వాత విడతలు. ముల్లంగి, కొత్తిమీర, మెంతికూరను పది రోజులకొకసారి కొద్దికొద్దిగా చల్లండి. బీన్స్ పదిహేను రోజులకొక విడత, బెండ, కీర మూడు నాలుగు వారాలకొక విడత చాలు. వంగ, మిర్చి, పందిరి కాకర నెలల తరబడి కాస్తాయి కాబట్టి వాటికి ఏడాదికి ఒకటి రెండు నాట్లు సరిపోతాయి. బెండకు ఒక గుర్తు పెట్టుకోండి: ముందు విడత మోకాలెత్తుకు రాగానే తర్వాతి విడత విత్తనం నేలలో పడాలి. అప్పుడు పాత మొక్క కాపు తగ్గే వేళకు కొత్తది అందుకుంటుంది.

మొలక దగ్గరే రోజులు పోతే ఈ లెక్కంతా తప్పుతుంది. బెండ విత్తనాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీరు వంచేసి, తడి ఆరాక విత్తండి. ధనియాలను అరచేత్తో నేలకేసి నలిపి రెండు బద్దలు చేస్తే త్వరగా, సమానంగా మొలుస్తాయి. క్యారెట్ విత్తనం మొలవడానికి పది రోజులకు పైనే పట్టవచ్చు. అన్నాళ్లూ పై మట్టి ఎండి అట్టకట్టకూడదు. మొలక కనబడేదాకా తడి గోనె పట్టా పరచి, మొలక తలెత్తిన సాయంత్రమే తీసేయండి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా సాగిపోతాయి.

కాలాన్ని బట్టి మడి

వానాకాలంలో వేర్లకు గాలి అందడమే పెద్ద సమస్య. మడిని మీటరు వెడల్పు, 15–20 సెంటీమీటర్ల ఎత్తు లేపి, పక్కన నీరు పోయే కాలువ తీయండి. పిడికెడు మట్టి నొక్కి వదిలితే ముద్దలా అంటుకుని ఉన్న రోజున మడిలో అడుగు పెట్టవద్దు, తవ్వవద్దు. ఆ రోజు తొక్కిన నేల ఎండాక ఇటుకలా బిగుస్తుంది. బీర, కాకర, సొర, పొట్ల పందిరెక్కాలి. నేల మీద పాకితే కాయ అడుగు కుళ్లుతుంది. టమాటాకు కర్ర కట్టి, నేలకు తగిలే కింది ఆకులు తీసేయాలి. మొక్కల మధ్య దూరం కూడా పెంచండి. బెండను ఎండాకాలంలో వరసకు వరసకు 45, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లు పెడితే, వానల్లో 60, 30 ఉండాలి.

చలికాలం క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బఠానీలది. కాలీఫ్లవర్‌లో నారు వయసు ముఖ్యం. ముదిరిన నారు నాటినా, నాటిన కొత్తలో నీరు, నత్రజని తక్కువైనా మొక్క ఎదగకముందే బొత్తామంత పువ్వు వేసి ఆగిపోతుంది. తర్వాత ఎంత ఎరువు వేసినా అది పెరగదు. అలాగే ఏ కాలపు రకాన్ని ఆ కాలంలోనే వేయాలి. చలి రకాన్ని వేడిలో వేస్తే పువ్వు మధ్య నుంచి ఆకులొస్తాయి. పాత పందిరి చిక్కుడు రకాలు పగటి పొద్దు తగ్గితే తప్ప పూత పట్టవు. ఎండల్లో విత్తి ‘తీగ ఇంత ఏపుగా ఉంది, పూత లేదేం’ అని మందులు కొట్టడం దండగ.

ఎండాకాలంలో ఆకుకూరలకు 35–50 శాతం నీడ వల వేయండి. ఎండ వేడికి పాలకూర, కొత్తిమీర కాడ వేసి పూతకొస్తాయి. ఆ తర్వాత ఆకు చిన్నదై గట్టిపడుతుంది. అన్ని మడుల్లో మొక్కల మధ్య 5–8 సెంటీమీటర్ల మందాన ఎండు గడ్డి లేదా ఎండుటాకు పరచండి, కాండానికి మాత్రం నాలుగు వేళ్ల దూరంలో ఆపండి. టమాటా పూత పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పిందె కట్టకుండా రాలుతుంది. ఇది పుప్పొడి దెబ్బతినడం వల్ల జరిగేది కాబట్టి పూత మందులతో పెద్దగా ప్రయోజనం ఉండదు. వేడి మొదలయ్యేలోపు కాపు ముగిసేలా ముందుగానే నాటడమే దారి.

తీగజాతికి వేడిలో మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ. వరస వానల్లో తేనెటీగలు రాక వచ్చిన ఆడపూలూ పండుబారి రాలిపోతాయి. పూవు కింద బుల్లి కాయ ఉంటే అది ఆడది. మగపూవు రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపూవు మధ్య భాగానికి మెల్లగా రాయండి. వేళ తప్పితే లాభం లేదు: కీర, కాకర పూలు ఉదయం విచ్చుకుంటాయి, బీర, సొర సాయంత్రం. ఉదయం పూట బీర పందిరి కిందికి వెళ్తే దొరికేది ముందురోజు పూవే.

కోతకు వెళ్లే ముందు

ఈ మడిలో చివరిసారి ఏ మందు, ఏ తేదీన కొట్టారో పుస్తకంలో చూడండి. ప్రతి మందు డబ్బా మీదా పిచికారీకి, కోతకు మధ్య ఆగాల్సిన రోజులు రాసి ఉంటాయి. బెండ, కీర లాంటి రోజు విడిచి రోజు కోసే పంటకు ఆ గడువు ఎక్కువగా ఉన్న మందు అసలు పనికిరాదు. కాపు మొదలయ్యాక కొనేటప్పుడే ఆ అంకె చదవాలి.

కత్తెర పదునుగా, శుభ్రంగా ఉండాలి. వైరస్ తెగులున్న మొక్కలు, ఎండు తెగులున్న మొక్కలు ఉంటే వాటిని చివరకు ఉంచండి; కత్తెరతో తెగులు ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకుతుంది. బెండకు పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోండి, నూగుకు దురద పెడుతుంది.

తెల్లవారగానే, ఎండ ముదరకముందే కోయాలి. రాత్రి చల్లదనానికి కాయలో నీరు నిండుగా, వేడి తక్కువగా ఉంటుంది. కోసిన కూరగాయ కూడా శ్వాసిస్తూనే ఉంటుంది; వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస రెండు మూడింతలవుతుంది, దాచిన పిండి, చక్కెర అంత వేగంగా ఖర్చైపోతాయి. మధ్యాహ్నం కోసిన పాలకూర సాయంత్రానికే వడలడానికి కారణం ఈ వేడి, ఆకులో నీరు తక్కువగా ఉండటమే. బీన్స్‌కు మాత్రం మంచు ఆరేదాకా ఆగండి. తడిగా ఉన్న ఆకుల మధ్య తిరిగితే తుప్పు, ఆకు మచ్చ తెగుళ్లు చేతులతో, బట్టలతో వరసంతా పాకుతాయి.

ఏ కాయ ఎప్పుడు, ఎలా

బెండ పూవు విచ్చిన 5–7 రోజులకు కాయ కోతకొస్తుంది. 8–10 సెంటీమీటర్ల పొడవు చాలు. కొనను బొటనవేలితో వంచితే టక్కున విరగాలి, వంగిపోతే పీచు పట్టినట్టే. రోజు విడిచి రోజు కోత తప్పనిసరి, మంచి ఎండల్లో రోజూ కోయాల్సి రావచ్చు. ఆకుల చాటున మిగిలి ముదిరిన కాయ కనబడితే పనికిరాదని వదిలేయకండి, కోసి పారేయండి. గింజ ముదరడం మొదలైతే మొక్క తన బలమంతా దానికే పెడుతుంది, కొత్త పూత తగ్గిపోతుంది. కీర, బీర, బీన్స్‌కూ ఇదే వర్తిస్తుంది. తీగకు పండిన కీరకాయ ఒక్కటి ఉన్నా ఆ తీగ పిందెలు నిలబడవు. కాపు తగ్గిందని ఎరువు వేసే ముందు ఆకులెత్తి చూడాల్సింది ఇలాంటి కాయల కోసమే.

వంకాయకు మెరుపే గుర్తు. బొటనవేలితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. అసలు గుంటే పడకపోతే ఇంకా లేత. పడిన గుంట అలాగే ఉండిపోతే, తోలు మెరుపు తగ్గితే గింజ ముదిరి చేదెక్కినట్టు. లాగకండి, కొమ్మ చీలుతుంది. తొడిమ ఉంచి కత్తెరతో కోయండి. నాలుగైదు రోజులకొకసారి కోతకు వెళ్లినప్పుడే వాలిపోయిన కొమ్మ చివర్లను రెండంగుళాలు కిందికి తుంచి సంచిలో వేసుకోండి. లోపల కొమ్మ, కాయ తొలిచే పురుగు ఉంటుంది. పుచ్చు కాయలనూ మడి గట్టున పడేయకుండా బయటికి తెచ్చి నాశనం చేయాలి. కోత, ఈ ఏరివేత ఒకే పనిగా సాగితే పురుగు చాలా వరకు అదుపులో ఉంటుంది.

టమాటాను పూర్తిగా ఎర్రబడేదాకా మొక్కకే ఉంచాలన్న పట్టింపు వద్దు. కాయ అడుగున లేత గులాబీ రంగు తిరగగానే కోస్తే నీడలో బాగానే పండుతుంది, పక్షులు, పగుళ్ల బెడద తప్పుతుంది. పండించడానికి 20–25 డిగ్రీలు బాగుంటుంది. 30 దాటితే ఎరుపు సరిగా రాక పసుపు నారింజగా ఉండిపోతుంది. ఎండిన నేల మీద ఒక్కసారిగా వానో, పెద్ద తడో పడితే కాయలు పగులుతాయి. కాయ అడుగు నల్లబడి గట్టి మచ్చ ఏర్పడితే అది తెగులు కాదు. నీరు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కావడంతో కాయ కొసకు కాల్షియం అందలేదు. మందు వెతకకుండా తడులు క్రమంగా ఇవ్వండి.

సొరకాయ తోలులో గోరు సులువుగా దిగాలి. కాకరను గింజ గట్టిపడకముందే, ముళ్ల మధ్య ఇంకా పచ్చగా ఉండగానే కోయాలి. పసుపు మొదలైతే ఒక్క రోజులో పండిపోతుంది. బీరను వంచి చూడండి: మెత్తగా బరువుగా ఉంటే లేత, తేలిగ్గా ఉండి గలగలమంటే పీచు. పండు ఈగ కుట్టిన కాయలు వంకరపోయి జిగురు కారతాయి. వాటిని కంపోస్టులో వేస్తే అక్కడి నుంచే కొత్త ఈగలు లేస్తాయి. రెండడుగుల లోతున పాతిపెట్టండి, లేదా గాలి చొరని సంచిలో మూతి కట్టి వారం రోజులు ఎండలో ఉంచండి.

పాలకూరను నేలకు మూడు నాలుగు వేళ్ల పైన, మధ్య మొవ్వు తెగకుండా కోస్తే 15–20 రోజులకొక కోత వస్తుంది. ముల్లంగి వారం ఆలస్యమైతే బెండుబారుతుంది. క్యారెట్ పెరిగేటప్పుడు నేలపైకి తేలిన భుజాల మీద మట్టి ఎగదోయకపోతే అవి పచ్చబడి చేదెక్కుతాయి. రెండు మూడు కాళ్లుగా చీలితే కారణం రాళ్లో, చివకని పశువుల ఎరువో. క్యారెట్, ముల్లంగి పీకిన వెంటనే ఆకు కోసేయాలి, లేకపోతే ఆకు గడ్డలోని నీరు లాగి మెత్తబరుస్తుంది.

క్యాబేజీ నెత్తి మీద అరచేత్తో నొక్కితే గట్టిగా ఉండాలి. గడ్డ తయారైంది, పెద్ద వాన రాబోతోంది, కోయడానికి మాత్రం ఇంకా వారం కావాలి అనుకోండి: మొక్కను రెండు చేతులా పట్టుకుని సగం చుట్టు తిప్పండి. కొన్ని వేర్లు తెగి నీరు ఎక్కడం తగ్గుతుంది, గడ్డ పగలదు. కాలీఫ్లవర్ పువ్వు కోడిగుడ్డంత అవగానే పై ఆకులు దాని మీదికి వంచి కట్టండి, ఎండకు పసుపెక్కదు. అప్పటి నుంచి రోజు విడిచి రోజు విప్పి చూడండి, పూవు విడివడి రవ్వలా కనబడితే గడువు దాటినట్టు.

ఉల్లికి ఓపిక కావాలి

సగం మొక్కల మెడలు వాటంతటవే వాలాక తవ్వడానికి సిద్ధం. నీళ్లు అంతకు పది పదిహేను రోజుల ముందే ఆపాలి. పీకిన ఉల్లిని వరసగా పరచి, ఒక వరస ఆకు పక్క వరస గడ్డలను కప్పేలా పెట్టండి. నేరుగా ఎండ తగిలిన గడ్డ ఉడికినట్టయి కుళ్లుతుంది. మూడు నుంచి ఐదు రోజులు మడిలో, తర్వాత వారం పది రోజులు గాలి ఆడే నీడలో ఆరాలి. మెడ వేళ్ల మధ్య నలిపితే తడి తగలకూడదు. అప్పుడే రెండు, రెండున్నర సెంటీమీటర్ల మెడ వదిలి ఆకు కోయండి. మెడ మొదలంటా కోస్తే బూజు లోపలికి దిగుతుంది. లావు మెడ గడ్డలు ఎంత ఆరబెట్టినా నిలవ ఉండవు, వాటిని పక్కకు తీసి ముందు వాడేయండి. గుమ్మడికాయనూ తొడిమ ఎండి బెండులా అయ్యాక, రెండంగుళాల తొడిమతో కోసి పది రోజులు వెచ్చని నీడలో ఉంచాలి. తొడిమ పట్టుకుని మోయవద్దు. అది ఊడితే ఆ కాయ నెల కూడా ఆగదు.

కోసిన గంటలోపు

గంపలు నిండేదాకా ఎండలో ఉంచకుండా మడి పక్కనే నీడ ఏర్పాటు చేసుకోండి. గోనె సంచిలో కుక్కిన వంకాయ, టమాటా పైకి బాగానే ఉన్నా రెండో రోజు నల్లటి గుంటలు చూపిస్తాయి. లోతు తక్కువ ప్లాస్టిక్ క్రేటు వాడండి, అంచు దాకా నింపకండి. దెబ్బ తిన్నవి, పురుగు పట్టినవి అక్కడే వేరు చేయండి.

ఆకుకూరలను శుభ్రమైన చల్లని నీటిలో ముంచి వడకట్టి, తడి గుడ్డ కప్పండి. వెచ్చగా ఉన్న టమాటాను చల్లటి నీటిలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని, తొడిమ మచ్చ గుండా నీటితో పాటు క్రిములనూ లోపలికి పీల్చుకుంటుంది. తడి గుడ్డతో తుడిస్తే చాలు. బెండను అసలు కడగవద్దు.

చల్లగా ఉంచడానికి రెండు ఇటుక గోడల మధ్య 7–8 సెంటీమీటర్ల సందు వదిలి, ఇసుక నింపి, ఉదయం సాయంత్రం తడుపుతూ ఉండే తొట్టి పొడి వేడిలో బాగా పనిచేస్తుంది. వానాకాలపు తేమలో దాని ప్రభావం తక్కువ. ఉల్లి, వెల్లుల్లి అందులో పెట్టకండి, మొలకెత్తి కుళ్లుతాయి. ఫ్రిజ్ ఉంటే క్యారెట్, క్యాబేజీ, పాలకూరలకు మంచిదే. బెండ, వంకాయ, కీర మాత్రం 7–10 డిగ్రీల కన్నా చలిలో గుంటలు పడి నల్లబడతాయి. పండిన టమాటాల పక్కన ఆకుకూర, కీర ఉంచితే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు త్వరగా పసుపెక్కుతాయి, క్యారెట్ చేదెక్కుతుంది.

మడి ఖాళీ చేసేటప్పుడు

కాపు తగ్గిన మొక్కను పీకాక వేరు చూడండి. వేళ్లకు కణుపుల్లా ముడులుంటే నులిపురుగులున్నట్టు. ఆ మడిలో వచ్చే దఫా టమాటా, వంగ, బెండ వేయకండి. పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడిపోయిన టమాటా, వంగ మొక్క కాండాన్ని కోసి గ్లాసు నీటిలో నిలబెట్టండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి దారం కిందికి దిగితే బాక్టీరియా ఎండు తెగులు. టమాటా, వంగ, మిర్చి, బంగాళాదుంప ఒకే కుటుంబం కాబట్టి ఆ మడికి కనీసం మూడేళ్లు ఈ నాలుగూ దూరంగా ఉండాలి. బీన్స్, చిక్కుడు మొక్కలను మాత్రం పీకకుండా నేల మట్టానికి కోసి, వేర్లు మట్టిలోనే వదిలేయండి.

విత్తనానికి కాయలు వదలాలనుకుంటే తెగులు లేని ఒకటి రెండు మొక్కలను పూర్తిగా దానికే కేటాయించండి. కోసే మొక్క మీదే విత్తనం కాయ ఉంచితే రెండూ చెడతాయి. సంకర రకాల విత్తనం పట్టవద్దు, తర్వాతి తరం కాయలు తల్లిలా రావు. టమాటా గింజలను గుజ్జుతో సహా రెండు మూడు రోజులు పులియబెట్టి కడిగి, నీళ్లలో అడుగున మునిగినవే ఉంచుకుని నీడలో ఆరబెట్టండి. కాగితం మీద ఆరబెడితే గింజలు అంటుకుపోతాయి, పింగాణీ పళ్లెం వాడండి.